పిన్ని పియానోకి కొత్త గొంతు

మా పిన్ని సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే యూనిఫాం కూడా మార్చుకోకుండా తన డిజిటల్ పియానో ముందు కూర్చుంటుంది. ఎన్నాళ్ళుగానో ఆమెకి ఒకటే దిగులు. అందులో పియానో స్వరం బాగానే పలుకుతుంది గానీ, వయొలిన్ బటన్ నొక్కితే మాత్రం చెవిలో దోమ దూరినట్టుంటుంది.

ఒక ఆదివారం బాబాయ్ పాత సామాన్ల కొట్టులోంచి సౌండ్ మాడ్యూల్ ఒకటి పట్టుకొచ్చాడు. చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉంది.

"దీంట్లో ఆర్కెస్ట్రా మొత్తం ఉందట. మీటలు నీ పియానోవి, గొంతు దీనిది" అన్నాడు.

ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని పియానోకీ డబ్బాకీ మధ్య తీగ కలిపారు. డబ్బాకి స్పీకరు తగిలించారు. పిన్ని మీట నొక్కింది. డబ్బా ఉలకలేదు, పలకలేదు.

"ఆ కొట్టువాడు నన్ను నిలువునా ముంచాడు!" అని బాబాయ్ తల పట్టుకున్నాడు.

పిన్ని వెనక్కి వంగి చూసి పకపకా నవ్వింది. తీగ రెండు కొసలూ 'అవుట్' అని రాసున్న చోటే ఉన్నాయి.

"ఏవండీ, రెండు బస్సుల్లోనూ దిగే తలుపులే తెరిస్తే ఎక్కేదెవరు?" అంటూ డబ్బా వైపు కొసని 'ఇన్'లోకి మార్చింది.

డబ్బాలో వయొలిన్ ఎంచుకుని మీటలు నొక్కేసరికి, ఈసారి పియానో, వయొలిన్లు కలిసి మోగాయి. బాబాయ్ పియానో సౌండు పూర్తిగా తగ్గించేశాడు. గదంతా వయొలిన్లే మిగిలాయి.

"అమ్మో, ఇది వాయించింది నేనేనా?" అంది పిన్ని.

తర్వాత వేణువు, ఆ తర్వాత బూరలు. ఆ పూట వంట బాబాయే చేశాడు, కూరలో ఉప్పు మర్చిపోయాడు. పిన్ని అదేమీ గమనించకుండా గబగబా తినేసి, మళ్ళీ మీటల దగ్గరికి పరిగెత్తింది.