ఒక ఫోను, రెండు వాటాలు

ఆగస్టు పదో తేదీ, ఆదివారం ఉదయం పదకొండూ పదికి మా చీటీ ఆగిపోయింది.

ఢిల్లీ పక్కన వైశాలిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం పది వాటాలతో చీటీ వేసుకుంటాం. వాటాకు నెలకు ఐదు వేలు, లెక్క నాది. ఈసారి పై అంతస్తులో అద్దెకుంటూ గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి తానూ ఒక వాటా వేసి, చీటీని స్మార్ట్ కాంట్రాక్టుగా రాసింది. అది నెట్‌లో నడిచే ప్రోగ్రాం. అందరూ కట్టగానే వంతు వచ్చినవాళ్ళకు తనే డబ్బు పంపుతుంది. ఒకసారి పెట్టాక రాసినవాళ్ళు కూడా మార్చలేరు. ఆ మాటకే అందరం ఒప్పుకున్నాం. ఆరు నెలలు సజావుగా నడిచింది.

ఏడో వంతు రెండో అంతస్తు తోడికోడళ్ళలో చిన్నావిడది. కూతుర్ని ఢిల్లీ జియా సరాయ్‌లో కోచింగ్‌కు చేర్చడానికి ఆ యాభై వేలే ఆధారం. అందరి డబ్బూ లోపలికి వెళ్ళింది, బయటికి రాలేదు. ఈ సభ్యురాలికి ఇదివరకే చెల్లించామని ఫోనులో వచ్చింది.

అమ్మాయి మా ఇంటికి దిగివచ్చి చూసి, సోఫా అంచున కూలబడింది. చిన్నావిడ తన ఫోను కూతురి చదువుకు ఇచ్చేసి, తన వాటాకూ తోడికోడలి ఫోనే రాయించింది. పెద్దావిడ మూడో నెలలోనే చీటీ ఎత్తుకుంది.

"ఒక ఫోనంటే ఒక మనిషి అనుకున్నానాంటీ. ఆఫీసులో నేను రాసింది ఇంకో ఇద్దరు చూస్తారు. ఇది ఎవరికీ చూపించలేదు."

"మా ఇద్దర్నీ ఒకటి చెయ్యడం మా అత్తగారివల్లే కాలేదు, నీ ప్రోగ్రాం చేసేసింది!" అంది పెద్దావిడ. అమ్మాయి తప్ప అందరం నవ్వాం.

"తాళం తీసేవాళ్ళెవరూ లేరా?" అన్నాను.

"తీసే దారే రాయలేదాంటీ. ఆ యాభై వేలూ నేనిస్తాను."

"నీ జీతం నాకెందుకమ్మా? నా డబ్బు అదిగో, కనిపిస్తూనే ఉందిగా!" అంది చిన్నావిడ.

నిజమే, అంకెతో సహా కనిపిస్తోంది. నా బీరువాలో ఉండగా దొంగలు పడితే నా ఒక్కదాని చేతే కట్టించేవారా అని అడిగాను.

"అచ్ఛా, ఠీక్ హై. అందరం మళ్ళీ ఐదేసి వేలు వేద్దాం," అంది పెద్దావిడే ముందుగా.

మిగతా నెలలు చేతి నుంచి చేతికే ఇచ్చుకున్నాం.

పోయినవి: యాభై వేల రూపాయలు. వాటాకు ఐదు వేలు, అమ్మాయికీ అంతే. తోడికోడళ్ళ ఇంటికి పది వేలు. కోచింగ్‌లో మొదటి నాలుగు క్లాసులు.