అంతోనివారికి మొలిచిన గడ్డం

ఆ పుణ్యక్షేత్రంలో పెద్ద గుడి చుట్టూ చాపెళ్లనే చిన్న మందిరాలు తొమ్మిది, వాటిలో పునీతుల స్వరూపాలు, అంటే విగ్రహాలు, పదకొండు. ముప్పై ఏళ్లుగా వాటి దుమ్ము దులిపేది గుడ్డల పిన్ని. అంగీ మడతల్లోకి కుంచె, కారిన మైనానికి మొండి కత్తి, కళ్లకి దూది. మొక్కుకునేవాళ్లంటే మాత్రం ఆమెకి గిట్టదు. పునీతుల పాదాలు ముద్దులతో అరగదీసి, బయటికెళ్లి చెప్పుల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునే భక్తి వాళ్లది.

ఆ ఏడు గుడి కమిటీ పెద్ద తన బావమరిది చేత స్వరూపాలకి రంగులేయించాడు. ఆ మహానుభావుడు అంతవరకు ఇనుప గేట్లకి తప్ప రంగు వేసి ఎరగడు. అంతోనివారి చేతిలో బాలయేసునీ లిల్లీ పువ్వునీ చూసి, బిడ్డా పువ్వూ ఉన్నాయి కాబట్టి యేసుని పెంచిన తండ్రి జోజప్పగారే అనుకున్నాడు. గొరిగిన నడినెత్తికి జుట్టూ, నున్నని బుగ్గలకి నల్లటి గడ్డమూ దిద్దేశాడు.

"ఈయన అంతోనివారు. నడుముకి సన్యాసులు కట్టుకునే మూడు ముళ్ల తాడు కనిపించడం లేదూ?" అంది పిన్ని.

"సంతకం రానిదానివి, నాకు పునీతుల్ని నేర్పుతావా?" అన్నాడు బావమరిది.

"సంతకం రాదు గానీ మొహాలు వచ్చు నాకు."

జోజప్పగారని బోర్డు కూడా రాయించేశారు. కమిటీ పెద్ద పిన్నిని పక్కకి పిలిచాడు.

"రేపు బిషప్పుగారు స్వరూపాల్ని ఆశీర్వదించడానికి వస్తున్నారు. నోరు మెదపకపోతే చాపెళ్ల తాళాలు నీ దగ్గరే ఉంటాయి పిన్నీ. మెదిపావా, మా బావమరిది పెళ్లాం తుడుస్తుంది."

ఆ పని పోతే ఈ వయసులో ఇంకోటి ఇచ్చేవాళ్లు లేరని పిన్నికి తెలుసు.

మర్నాడు బిషప్పుగారు తాడు చూశారు, గడ్డం చూశారు, బోర్డు చూశారు. ఏళ్లకేళ్లు సెమినరీలో వేదాంతం చదివిన గుడి ఫాదర్ తల వంచుకుని నేల మీది రాళ్లు చూస్తున్నాడు. బిషప్పుగారు చివరికి పిన్ని వైపు తిరిగారు.

"ఈయనెవరమ్మా?"

"అంతోనివారు అయ్యగారూ. మొన్ననే గడ్డం మొలిచింది."

బిషప్పుగారికి పన్నెండింటికి ఇంకో ఊళ్లో పనుంది. "పునీతులందరూ దేవుడివారే" అని నాలుగు చుక్కలు పవిత్ర జలం చిలకరించి కారెక్కారు. ఆ మాటకి కూడా చేతులు జోడించారు జనం.

కారు మలుపు తిరగకముందే కమిటీ పెద్ద తాళాల కోసం చెయ్యి చాపాడు. అంతలో ఏమనుకున్నాడో, గొంతు తగ్గించాడు.

"పొరపాటు పడ్డానని ఒక్క మాట అను పిన్నీ, ఉంచుతాను."

"పొరపాటు పడడానికి చదువుకున్నవాళ్లు ఇంతమంది ఉండగా, మధ్యలో నేనెందుకు నాయనా?"

తాళాల గుత్తి ఆ చేతిలో పడేసి, కొంగు దోపుకుని, ఎండలోకి నడిచింది పిన్ని.