ఊకతోటి దవాఖానకు కరెంటు

తెలంగాణ కావాలని ఆఫీసులు, బడులు, బస్సులు అన్ని బందుపెట్టి జనమంత రోడ్డు మీదికి వచ్చిన ఏడు అది. నేను గార్ల దిక్కు లైన్‌మన్‌ను. మాది ఆ పక్కనే తండా. భూపాలపల్లిల బొగ్గుబాయిలు ఆగినయి. బొగ్గు లేక కరెంటు ఇట్ల వచ్చి అట్ల పోతుండె. మా కరెంటోళ్లం గూడ పనులు ఇడిచిపెట్టి టెంటు కింద కూసున్నం.

ఒకనాడు సాయంత్రం గాలిదుమారం లేచింది. వాన నాలుగు చినుకులే పడ్డది గని, మహబూబాబాద్ నుంచి మాకు వచ్చే పెద్దలైను స్తంభాలు పొలాలల్ల అడ్డం పడ్డయి. ఉన్న కాస్త కరెంటు గూడ పోయింది.

తెల్లారి మేం టెంటుల చాయ తాగుతుంటే సర్కారు దవాఖాన నర్సమ్మ నడుసుకుంట వచ్చింది. చెప్పు ఒక కాలుకే ఉన్నది. ఆ సంగతి ఆమెకే తెల్వదు.

"జనరేటర్ నడిచి నడిచి పొద్దుగాల పట్టేసిందన్నా. నెలలు నిండకముందే కవలలు పుట్టిన్రు. వేడిపెట్టెల ఉంచాలె. ఇప్పటికైతే ఒకర్ని తల్లి రొమ్ముకు, ఒకర్ని అమ్మమ్మ రొమ్ముకు కట్టి దుప్పటి కప్పిన. మానుకోటకు పంపుదామంటే ఆడ గూడ పెట్టెలు ఖాళీ లేవంటున్రు."

మహబూబాబాద్‌ను మేం మానుకోటనే అంటం.

మా ఇంజనీరు ఏఈ సారు జనగామ ఆయన, మాటలు తక్కువ. సమ్మెల ఉన్నోళ్లం పనికి పోతే ఏమంటరోనని చాయ గ్లాసులు పట్టుకొని అట్లనే కూసున్నం. ఆఖరికి ముందు వరుసల కూసున్న ముసలి మాస్టరు, "దవాఖానకు సమ్మె ఎక్కడిది? లేవండి" అన్నడు. అందరం ఒక్కసారే లేచినం.

"స్తంభాలు నిలబెట్టాలంటే రెండు రోజులు పడ్తది" అన్నడు సారు. "ఊరవతల రైసుమిల్లుల ఊక కాల్చి కరెంటు తీస్తరు గద. దవాఖాన గూడ అదే తీగె మీద ఉన్నది."

పెద్దలైను పోయినప్పుడు మిల్లు కరెంటు తీగెలకు రావొద్దు. అది మా పనిల మొదటి నియమం. కరెంటు లేదనుకొని తీగె పట్టుకున్నోని పానం పోతది. ఆ లైను అవతలి కొసకు మానుకోట నుంచి వచ్చినోళ్లు సమ్మె పక్కకు పెట్టి స్తంభాలు లేపుతున్నరు. టవర్లకు కరెంటు లేక ఇప్పుడు ఫోన్లు గూడ మూగబోయినయి.

మిల్లు బాయిలర్ చూసేటాయన భూపాలపల్లి మనిషి. ఆయన తమ్ముడు బొగ్గుబాయిల పనిజేసేటోడు, సమ్మెల ఉన్నడు. "బాయిలర్ చల్లగున్నది. చిన్న డీజిల్ ఇంజన్‌తోటి ఫ్యాను, నీళ్ల పంపు నడిపి రాజేయాలె. ఆవిరి ఎక్కేసరికి మధ్యాహ్నం అయితది" అన్నడు. ఆయన ఊక ఎత్తుతుంటే నేను బండి తీసిన.

మిల్లు కరెంటు అవతలికి పోకుంట, లైను కొసకున్న స్విచ్ దగ్గర మూడు బ్లేడ్లు తెరిచి తాళం ఏసిన. అక్కడినుంచి పోయి స్తంభాల కాడోళ్లకు చెప్పిన. అందులో పెద్దాయన నా మొకం దిక్కు చూసి, "నీ మాట మీద మేం తీగె పట్టుకోవాల్నా తమ్మీ?" అన్నడు. కోపం రాలేదు. ఆయన జాగల ఉంటే నేను గూడ అట్లనే అడుగుదు. నా బండి మీదనే వచ్చిండు, తెరిచిన బ్లేడ్లు కండ్లార చూసిండు, తనవైపు తీగెలను భూమికి కలిపే ఎర్తింగ్ తగిలిచ్చిండు, తాళంచెవి నా చేతిల నుంచి తీసి తన అంగీ జేబుల ఏసుకున్నడు. "ఇగ ఇచ్చుకోండ్రి" అన్నడు.

మధ్యాహ్నం దాటినంక సారు మిల్లుల స్విచ్ ఏసిండు. మిషను వేగం చూపే మీటరు ముల్లు యాభై మీద ఉన్నది. కండ్లు మూసి తెరిచేలోపు నలభై ఎనిమిది, నలభై ఆరు. మిషను మూలిగింది, దడేలుమని అంత ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు ఎంటనే అర్థమైంది. మా దిక్కు రైతులందరు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు. కరెంటు రాంగనే అన్ని మోటర్లు ఒక్కసారే లేస్తయి. చిన్న మిల్లు ఆ బరువు మొయ్యలేదు. పొలాలకు పోయే ట్రాన్స్‌ఫార్మర్లు ఆ తీగె మీద మూడు. రెండిటి స్విచ్‌లు తెరిచే వచ్చిన. మూడోది మా తండాది. దాని స్విచ్ కాలిపోతే, సామాను రాలేదని ఎండకాలంల నేనే నేరుగ తీగె కలిపిన. ఆ సంగతే మర్చిపోయిన.

"నాదే తప్పు సార్" అన్న. సారు తిట్టలే. "పో. నువ్వు వచ్చి నాతోటి చెప్పేదాక స్విచ్ ముట్ట" అన్నడు.

నేను పోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిమంది. కరెంటు ఒక్క చిటికె వచ్చి పోయేసరికి ఉరికొచ్చిన్రు. అందరికంటే ముందు మా బాపు.

"కరెంటిచ్చి మళ్ల ఎందుకు తీసిన్రు?"

"ఈ తీగె ఇప్పుడు తెంపాలె బాపు. దవాఖానకు ఇయ్యాలె."

"వరి పొట్ట మీద ఉన్నది. మడి నెర్రెలిచ్చింది. నీ చేతులతోటే తెంపుతవా?" మాతోటి ఎప్పుడు మా లంబాడీ భాషల మాట్లాడే మనిషి, అందరికి ఇనవడాలని తెలుగుల అన్నడు.

కవలల సంగతి చెప్పిన. ఒకడు అబద్ధమన్నడు. ఒకడు నిచ్చెన పట్టి లాగిండు. బాపు ముందుకొచ్చి, "ఎవరి పిల్లలు?" అని అడిగిండు.

"తెల్వదు."

"తెల్వకుంటనే చేస్తున్నవా?"

"అవును బాపు."

ఆయన నిచ్చెన పట్టినోని చెయ్యి తీసేసిండు. నా దిక్కు చూడకుంట స్తంభం మొదట్ల కూసుండి, "ఎక్కు" అన్నడు.

తీగెలకు ఎర్తింగ్ ఏసి ఎక్కిన. లైనును ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపే రెండో జంపర్ తీగె ఇప్పుతుండంగ మిల్లు దిక్కు నుంచి బుస్సుమని పెద్ద చప్పుడు. స్విచ్ ఏసిన్రా ఏంది? ఎర్తింగ్ ఉన్నదని తెలుసు, సారు మాట తప్పడని తెలుసు. అయినా చేతిల పానా జారింది. అది ఎక్కువైన ఆవిరి ఇడిచిన చప్పుడే. కింద బాపు పానా తీసి పైకి అందిచ్చిండు. నేను దిగేదాక నిచ్చెన పట్టుకొనే ఉన్నడు.

ఎర్తింగ్ తీసి, మిల్లుకు పోయి చెప్పిన. సారు రెండోసారి స్విచ్ ఏస్తే ముల్లు నలభై తొమ్మిదికి దిగి, ఆగి, మెల్లగ పైకొచ్చింది. మొదలు దవాఖాన ఒక్కటే. కొద్దిసేపటికి నీళ్ల ట్యాంకు మోటరు. బాయిలర్ అన్న ముల్లు మీదినుంచి కండ్లు తీయకుంట ఊక ఏసుకుంట పోయిండు. నేను దవాఖానకు పోయేసరికి పిల్లలిద్దరు పెట్టెల ఉన్నరు. అమ్మమ్మ గోడకు ఒరిగి, పిల్లను పట్టుకున్నట్టే చేతులు మడిచి నిద్రపోయింది.

రెండు రోజులు అట్లనే నడిచింది. మూడోనాడు పెద్దలైను బాగైంది. రెండు కరెంట్లు కలవొద్దు, మిల్లు ఆపినంకనే అది ఇయ్యాలె. నర్సమ్మ పిల్లలను మళ్ల రొమ్ములకు కట్టిచ్చి "కానియ్యండి" అన్నది. మానుకోట పెద్దాయన తాళంచెవి పట్టుకొని వచ్చిండు. ఐదు నిమిషాలు దవాఖానల గూడ చీకటే. నా పెండ్లినాడు గూడ అంత చెమట పట్టలే.

పిల్లలు బతికిన్రు. పక్షం రోజులకు జఫర్‌గఢ్ దిక్కు వాళ్ల ఊరికి తీస్కపోయిన్రు.

మా వరి సగం తాలుపోయింది. కోతలనాడు బాపు ఒక ఎన్నును అరచేతిల నలిపి, ఊది, మిగిలిన గింజలు నా చేతిల పోసిండు. ఆ పక్క మడిల కొడవలి పట్టుకొని వంగిండు. నేను గూడ పోయి ఆయన పక్కన వంగిన.