ఈ వేడి ఎటు పోతోంది?

కోటబొమ్మాళి స్టేషన్లో రైలు దిగగానే టీ కొట్టతను చెప్పాడు: "మీ మేస్టారు ఎల్లిపోనారు బాబూ. సంద్రం ఒడ్డుకి తీసుకెల్తన్నారు, బేగి ఎల్లండి." నా చేతిలో టీ గ్లాసు కాలుతోంది. ఆయనైతే దానికి చేతి వెనకవైపు ఆనించి అడిగేవారు: "ఈ వేడి ఎటు పోతోందిరా?"

బళ్లో మాకు సైన్సు చెప్పేటప్పుడూ అంతే. రైలింజన్ని చూసినా, ఇస్త్రీపెట్టెను చూసినా అదే ప్రశ్న. మేము నవ్వుకునేవాళ్లం.

రిటైరయ్యాక ఆయన సముద్రపు ఒడ్డు పేటకి చేరారు. అక్కడి బావులన్నీ ఉప్పు. ఊళ్లో మంచినీటి బావి ఉంది. పేటవాళ్లు దాని గట్టెక్కకూడదు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది, ఆ గట్టు మీదికి మాత్రం రాలేదు! ఆయన ఉపన్యాసాలివ్వలేదు. సిమెంటు తొట్టికి నల్లరంగు పూసి, ఏటవాలుగా అద్దం బిగించారు. ఎండకి ఉప్పునీరు ఆవిరై, అద్దం లోపల చెమటలా పట్టి, అంచున కుండలోకి దిగేది. మబ్బేస్తే ఆగిపోయేది. పక్కనే ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానేసిన వేడినీళ్లను వాళ్లు కాలవలోకి వదిలేసేవాళ్లు. మేష్టారు యజమానిని బతిమాలి, ఆ నీళ్లను గొట్టంలో తొట్టి కిందుగా పారించారు. మబ్బురోజున కూడా కుండ నిండింది.

తొలి గుక్కకే పేట ముసలమ్మ మొహం చిట్లించింది. "ఏటి బాబూ, సచ్చిన నీలు! రుసీ నేదు, పసా నేదు." కొంగుముడి విప్పి ఓ ఉప్పుగల్లు వేసుకుంది. సెలవులకి ఆయన్ని చూడ్డానికెళ్లిన నాకు ఒళ్లు మండింది. ఆయన పకపకా నవ్వారు. "వేసుకోనీరా. ఇన్నాళ్లూ సముద్రం వేసింది. ఇప్పుడు తన చేత్తో తను వేసుకుంటోంది."

పేట ఆడవాళ్లు మిల్లు గోడవారన కుండలతో నిలబడటం యజమానికి కంటగింపైంది. "ఊక నాది, పొయ్యి నాది, ఆ యేడీ నాదే మేస్టారూ" అన్నాడు. "కాలవలో పోసినన్నాళ్లూ ఎవరిదీ కాదు, వీళ్ల తొట్టి కిందికొచ్చేసరికి నీదైపోయిందేం?" అన్నారీయన. మర్నాడే యజమాని గొట్టం పీకించాడు. ఆ పీకుడులో అద్దం పగిలింది. మేష్టారు రోజూ వెళ్లి మిల్లు గేటు ముందు ఎండలో నిలబడేవారు. అక్కడే కూలిపోయారు. గుండె ఆగిందంటున్నారు. ఆగడానికి కారణమెవరో చెప్పరేం?

చితి దగ్గరికి ఆ యజమాని గంధపుచెక్కలు పంపాడు. ముసలమ్మ దూరంగా నిలబడి, మంటవైపు చెయ్యి చాపింది. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. "ఈ యేడి ఎటెల్లిపోతందో సూసేవోడే నేడు బాబూ" అంది.

తిరిగొస్తూ మిల్లు పక్కనుంచి నడిచాను. కాలవ నిండా పొగలు, సముద్రంవైపు. పగిలిన అద్దం అంచున కుండ ఇంకా పెట్టే ఉంది. వంగి చూశాను. అడుగున ఒక్క చుక్క లేదు. ఎవరో ముందే వేసి ఉంచిన ఉప్పుగల్లు మాత్రం ఉంది.