నాలుగు నిమ్మగింజలు

నిన్న నా కొత్త కారు కింద నిమ్మకాయలు నలిగిన వాసన రాగానే, నా చిన్నప్పుడు పుదుచ్చేరిలో నాన్న వానాకాలమంతా ఊపిరి బిగబట్టి, ముక్కముక్కా అతికించిన పాతకాలపు బొమ్మకారు గుర్తొచ్చింది. పెట్రోలు పోస్తే మద్రాసు వెళ్ళొచ్చేదే!

దాన్ని బల్ల మీద తొలిసారి నడపబోతుంటే నేను అడ్డం పడ్డాను. "పూజ చెయ్యని బండి గుద్దుకుంటాది నాయనా!"

చక్రం ముందు నిమ్మకాయ పెడితే, కొండ ముందు చీమలా కారే కనబడలేదు.

"ఏందిరా ఏడుపు? చిన్న బండికి ఇది చాలదా?" అంటూ అవ్వ నిమ్మకాయ కోసి, నాలుగు గింజలు చక్రాల కింద పెట్టింది.

నాన్న వేలితో తోశాడు. గింజలు నలగలేదు, ముందు చక్రం ఊడి దొర్లిపోయింది.

"పెద్ద గండం చక్రంతో పోయె," అంది అవ్వ. నేను నమ్మేశాను. నాన్న మళ్ళీ జిగురు తీశాడు.

నిన్న మాత్రం నేను కారు దిగి, నాలుగు చక్రాలూ తడిమి చూసుకున్నాను.