జముకు మోతను మింగేసిన కంప్యూటర్

ఈ రోజు పాతపట్నంలో మా ఇంట్లో జముకుల కథ రికార్డు చేశాను. జముకు వాయించింది మా అప్పలస్వామి మావ. పక్కనే కూర్చుని విన్నాను, ఒక్కచోట కూడా ఆయన తాళం తప్పలేదు.

తీరా రికార్డింగ్ వినిపిస్తే మధ్యమధ్య జముకు మోత తెగిపోయి టక్కుమంటోంది. మావ మొహం వాడిపోయింది.

"సెయ్యి తప్పుతన్నాదిరా. అమ్మవారి పండక్కి నన్నొగ్గీండి, ఇంకెవుడైనా వాయిస్తాడు."

"నీ సెయ్యి కాదు మావా. కంప్యూటర్‌కి ర్యామ్ సాలక అలాగొస్తన్నాది."

"మిషనుకెందుకు తప్పుతాదిరా తాళం? మనిషికే తప్పుతాది."

జముకు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ ప్రతిదానికీ హార్డ్ డిస్క్‌లో వెతుక్కుంటుంది. అది వెతుక్కునేంతసేపూ రికార్డింగ్ ప్రోగ్రాముకి వంతు రాదు. ఆ కాస్త ఆలస్యానికే మోత పోతుంది. రికార్డింగ్ కోసమని చెప్పి మరీ ఈ కంప్యూటర్ కొన్నాను. ఇంకొంచెం ర్యామ్ వెయ్యమంటే "పాటలకి అంతెందుకండీ" అని నవ్విన శ్రీకాకుళం షాపతనికి ఇప్పుడు ఫోన్ చేశాను. సౌండ్ కార్డు మార్చుకోమని తాపీగా సలహా ఇచ్చాడు. ఒళ్ళు మండిపోయి ఫోన్ పెట్టేశాను.

రేపు వెళ్ళి ర్యామ్ వేయించుకొస్తాను, అదేమంత పని కాదు. కానీ నలభై ఏళ్ళుగా వాయిస్తున్న మనిషి తన చేతినే అనుమానించుకుంటూ ఇంటికెళ్ళాడు. దానికి ఏం వేయించాలో ఆ షాపతనికి తెలియదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.