ఒకే జీపు, రెండు నీలం పెట్టెలు

తొంభైల చివర్లో మా మండలానికి పొదుపు జబ్బు పట్టుకుంది. పెద్దాఫీసరు గారు డీజిలు బిల్లులు చూసి, వ్యవసాయానికో జీపు, పశువులకో జీపు, టీకాలకో జీపు ఏమిటని మూడింట్లో రెండు ఊడగొట్టించారు. "అందరూ పోయేది ఒకే రోడ్డున కదండీ, కలిసి పోండి," అన్నారు. తన కారు మాత్రం తనకే ఉంచుకున్నారు.

నేనప్పుడు దర్శి వైపు పల్లెల్లో టీకాలు వేసే నర్సును. మిరప కోతల కాలం. ఆ రోజు నేను పోవాల్సిన ఊళ్లో తల్లులంతా ఎనిమిదింటికల్లా కూలి ట్రాక్టరెక్కి చేలకు పోతారు. తల్లి లేకుండా నాయనమ్మలు పిల్లలకు సూది పొడవనివ్వరు గాక పొడవనివ్వరు. కిందటి నెల ఆలస్యమై, ఇరవైమంది పిల్లల్ని వదిలేసి వచ్చాను. ఇంతలో పక్క ఊళ్లో తట్టు లేచింది. ఈసారి ఎనిమిదిలోపు వెళ్లి తీరాలి.

ఆరున్నరకే బయలుదేరాం. ముందు సీట్లో వ్యవసాయాధికారి, వెనక నేనూ, పశువుల డాక్టరు గారూ. మా కాళ్ల దగ్గర ఐసు పెట్టి తెచ్చిన రెండు నీలం పెట్టెలు. నా దాంట్లో పిల్లల మందు, ఆయన దాంట్లో గేదెల గొంతువాపు మందు. చూడ్డానికి రెండూ అచ్చం ఒకటే.

మా వైపు సర్కారు జీపు పత్తిచేను పక్కన నెమ్మదించిందా, ఇక అంతే. పురుగు పట్టిన కొమ్మ పట్టుకుని ఒక రైతు వస్తాడు, అతణ్ని చూసి ఇంకొకడు. వ్యవసాయాధికారి దిగి, కొమ్మను అటూ ఇటూ తిప్పి, "పురుగేనయ్యా," అంటారు. ఆ సంగతి తెలియకనా అతను తెచ్చింది! నాలుగో కొమ్మకు ఏడున్నర అయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ, మీ పురుగులు మధ్యాహ్నానికి కూడా చావవు. ముందు నన్ను దింపి రండి," అన్నాను.

"కంగారెందుకమ్మా, ఇదొక్కటే," అన్నారాయన ఐదో కొమ్మ అందుకుంటూ.

పాలక్యాన్లతో అటుగా పోతున్న మోపెడ్‌ను ఆపి, నీలం పెట్టె చంకన పెట్టుకుని, క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఊళ్లో దిగాను. ట్రాక్టరు ఇంకా నిలబడే ఉంది. తల్లులు పిల్లల్నెత్తుకుని వరస కట్టారు. హమ్మయ్య అనుకుని పెట్టె మూత తీశాను.

గేదెల మందు.

"ఏందమ్మా, అట్టా బిగుసుకుపోయావు?" అంది ముందున్న ఆవిడ. చెప్పక చస్తానా, చెప్పాను.

"మావోడు పాలిచ్చే రకం కాదులేమ్మా!" అందావిడ. అందరూ విరగబడి నవ్వారు.

నవ్వులు ఆగకముందే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ట్రాక్టరు హారను కొట్టించాడు. "ఎక్కండెక్కండి! ఆలస్యమైతే ఒంటిపూట కూలే, తర్వాత నన్ననొద్దు."

నాకు ఏడుపొచ్చింది. "జీపొచ్చేదాకా ఉండండమ్మా. పక్క ఊళ్లో తట్టు లేచింది," అని సిగ్గు విడిచి బతిమాలాను.

ముందున్న ఆవిడ పిల్లాడి వీపు నిమిరింది. "నువ్వు పోనీయి మేస్త్రీ. మేం ఒంటిపూటకే వస్తాం," అంది. ఒక్కతి కూడా ట్రాక్టరెక్కలేదు.

జీపు తొమ్మిదిన్నరకు వచ్చింది, ముందు సీటు నిండా కొమ్మలతో. పశువుల డాక్టరు గారు నా పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "మూత తియ్యలేదమ్మా, ఒట్టు!" అంటూ దిగారు. ఒక్కరూ తప్పకుండా పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. తల్లులు ఎండలో చేలకు నడిచి వెళ్లారు.

నెలాఖరు మీటింగులో పెద్దాఫీసరు గారు లేచి, ఒకే జీపుతో మూడు శాఖల పనీ జరిగిందనీ, బోలెడు డీజిలు మిగిలిందనీ చదివారు. ఆ మిగిలింది ఆ ఆడవాళ్ల ఒంటిపూట కూలేనని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను, నా చేతులు పడిపోను!